హ్యావ్‌కి తెలుగులో ఒక్క మాట ఎందుకు దొరకదు

ప్రశ్న ఇది: "హ్యావ్ అంటే 'కలిగి ఉండు' అని చదువుకున్నాను. మరి 'ఐ హ్యావ్ టు గో', 'ఐ హ్యాడ్ మై ఫోన్ రిపేర్డ్' లాంటి వాక్యాల్లో కలిగి ఉండటం ఎక్కడుంది? 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' తప్పయితే 'ఐ యామ్ హ్యావింగ్ లంచ్' ఎలా ఒప్పయింది?"

ముందు ఆ 'కలిగి ఉండు'ని పక్కన పెట్టేయండి. చిక్కంతా అక్కడే మొదలైంది. "నేను ఇద్దరు అన్నలను కలిగి ఉన్నాను" అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. "నాకు ఇద్దరన్నలు" అంటారు, మహా అయితే చివర "ఉన్నారు" చేరుస్తారు. హ్యావ్‌కి సమానమైన క్రియ మన భాషలో లేదు. మనకు ఉన్నది 'ఉండు'. కాబట్టి హ్యావ్‌కి అర్థం వెతకడం మాని, మన వాక్యంలో 'ఉండు' ఏ పని చేస్తోందో చూడండి. దాదాపు అన్ని వాడుకలూ అక్కడి నుంచే దారికొస్తాయి.

"నాకు ఇద్దరన్నలు ఉన్నారు" అన్న వాక్యంలో కర్త నేను కాదు, అన్నలు. అందుకే క్రియ 'ఉన్నారు' అయింది. ఒక్క చెల్లెలే అయితే 'ఉంది' అవుతుంది. ఇంగ్లీషులో ఇది తలకిందులు. ఎవరికి ఉన్నారో ఆ మనిషే కర్త, ఉన్నవాళ్ళు కర్మ. మన 'నాకు' అక్కడ 'ఐ' అవుతుంది, 'అతనికి' అన్నది 'హి' అవుతుంది. క్రియ కూడా ఆ మనిషినే అనుసరిస్తుంది. "అతనికి ముగ్గురు పిల్లలున్నారు" అనేటప్పుడు మన మనసులో బహువచనం ఉంటుంది కాబట్టి "హి హ్యావ్ త్రీ చిల్డ్రన్" అని నోరు జారుతుంది. పిల్లలు ఎందరైనా సరే, 'హి' ఒక్కడే, కాబట్టి "హి హ్యాజ్". హి, షి, ఇట్, ఇంకా ఏకవచనంలో ఉన్న ఏ పేరుకైనా హ్యాజ్. ఐ, యు, వి, దే, బహువచనాలకు హ్యావ్. జరిగిపోయిన కాలంలో అందరికీ హ్యాడ్ ఒక్కటే. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్" దగ్గర చాలామంది తడబడతారు. అక్కడ కర్త 'వన్', కాబట్టి "హ్యాజ్".

ప్రశ్నగానో, లేదనో చెప్పాలంటే డూ, డజ్, డిడ్ సాయం కావాలి. అవి వచ్చాక హ్యావ్ మళ్ళీ మూలరూపానికి వెళ్ళిపోతుంది: "డజ్ షి హ్యావ్ ఎ లాప్‌టాప్?", "హి డజ్‌న్ట్ హ్యావ్ టైమ్", "డిడ్ యు హ్యావ్ ఎనీ ప్రాబ్లమ్?" కాలమూ వచనమూ డూ మోసేసింది కాబట్టి హ్యావ్ మీద మళ్ళీ మోపకూడదు. "డజ్ హి హ్యాజ్", "డిడ్ యు హ్యాడ్" తప్పని ఇక విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. విల్, కెన్, షుడ్ తరువాత కూడా హ్యావ్ మాత్రమే. బ్రిటన్ మాటతీరులో "హ్యావ్ యు గాట్ ఎ పెన్?" అనేది బాగా వినిపిస్తుంది. అక్కడ 'హ్యావ్ గాట్' మొత్తం కలిపి హ్యావ్ అన్న అర్థమే. అమెరికాలో "డూ యు హ్యావ్ ఎ పెన్?" ఎక్కువ. రెండూ సరైనవే, కలిపేసి "డూ యు హ్యావ్ గాట్" అనకండి.

ఇక 'నాకు', 'నా దగ్గర', 'లో' అనే మూడింటి సంగతి. చుట్టాలు, సమయం, అనుభవం, సమస్య లాంటివి మనకు 'నాకు' ఉంటాయి. డబ్బు, తాళంచెవి, పెన్ను 'నా దగ్గర' ఉంటాయి. కిటికీలు గది'లో' ఉంటాయి. ఇంగ్లీషుకు ఈ తేడా పట్టదు. "ఐ హ్యావ్ టైమ్", "ఐ హ్యావ్ ద కీ", "ద రూమ్ హ్యాజ్ టూ విండోస్", మూడింటికీ ఒకటే క్రియ. 'నా దగ్గర'ని ఉన్నదున్నట్టు దింపడం వల్ల "మనీ ఈజ్ నాట్ దేర్ విత్ మి" లాంటి వాక్యం పుడుతుంది. "ఐ డోంట్ హ్యావ్ ఎనీ మనీ" చాలు. ఈ క్షణాన జేబులో లేవని చెప్పాలంటే చివర "ఆన్ మి" చేర్చండి.

అలాగని 'నాకు' కనిపించిన ప్రతిచోటా హ్యావ్ పెట్టేస్తే ఇంకో గోతిలో పడతాం. నాకు తెలుసు, నాకు ఇష్టం, నాకు కావాలి, నాకు గుర్తుంది: వీటికి ఇంగ్లీషులో నో, లైక్, వాంట్, రిమెంబర్ అని సొంత క్రియలున్నాయి. వయసు, ఒంటికి తోచే స్థితి చెప్పేటప్పుడు 'బి' వాడాలి. నాకు ముప్పై ఏళ్ళు అంటే "ఐ యామ్ థర్టీ". నాకు ఆకలిగా ఉంది అంటే "ఐ యామ్ హంగ్రీ". దాహంగా, చలిగా, నీరసంగా, భయంగా ఉంది అన్నవన్నీ ఇలాగే. మాట చివర 'గా' ఉంటే చాలావరకు హ్యావ్ రాదు. అయితే రోగాల పేర్లు, నొప్పులు ఈ లెక్కకు లొంగవు. "తలనొప్పిగా ఉంది", "జ్వరంగా ఉంది" అని 'గా' పెట్టి అన్నా ఇంగ్లీషులో "ఐ హ్యావ్ ఎ హెడేక్", "ఐ హ్యావ్ ఎ ఫీవర్" అనే అనాలి. ఆ 'ఎ'ని మింగేయొద్దు, "ఐ హ్యావ్ ఫీవర్" అనడం మన దగ్గర మాత్రమే చెల్లుతుంది. 'డౌట్' కూడా అంతే. మనం "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే అడగాల్సింది ఉందని. బయటివాళ్ళకు అది మీరు చెప్పింది నమ్మడం లేదు అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి.

ఇప్పుడు హ్యావింగ్. దీనికి మన చెవే పరీక్ష. "నాకు ఇద్దరన్నలు ఉంటున్నారు" అని ఎవరూ అనరు, ఎందుకంటే అన్నలుండటం జరుగుతున్న పని కాదు, ఉన్న సంగతి. కాబట్టి "ఐ హ్యావ్ టూ బ్రదర్స్". భోజనం మాత్రం "చేస్తున్నాను" అంటాం, అది సాగుతున్న పని. కాబట్టి "ఐ యామ్ హ్యావింగ్ లంచ్". మన మాటలో 'ఉంది' అని ముగిస్తే హ్యావ్, 'చేస్తున్నాను', 'తింటున్నాను', 'జరుగుతోంది', 'పడుతున్నాను' అని ముగిస్తే హ్యావింగ్. నాలుగింటికి మీటింగ్ ఉంది: "ఐ హ్యావ్ ఎ మీటింగ్ ఎట్ ఫోర్". ఇప్పుడు మీటింగ్ జరుగుతోంది: "వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్". లాగిన్ అవడానికి ఇబ్బంది పడుతున్నాను: "ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ లాగింగ్ ఇన్". ఒక జంటను మాత్రం ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. "షి హ్యాజ్ ఎ బేబీ" అంటే ఆమెకు పసిబిడ్డ ఉంది. "షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ" అంటే ఆమె గర్భవతి, లేదా కాన్పు జరుగుతోంది. 'ఇంగ్' ఒక్కటి తప్పితే కబురే మారిపోతుంది.

తినడం, తాగడం దగ్గర హ్యావ్‌కి మన భాషలో చక్కని జోడీ ఉంది. అతిథిని "ఏం తింటారు?" అనకుండా "ఏం తీసుకుంటారు?" అని అడుగుతాం కదా, ఆ 'తీసుకోవడమే' ఇక్కడి హ్యావ్. "వాట్ విల్ యు హ్యావ్?" అన్నది మర్యాదగా, తినేదానికీ తాగేదానికీ కలిపి అడగడం. హ్యావ్ ఎ లుక్, హ్యావ్ ఎ సీట్, హ్యావ్ ఎ ట్రై లాంటివి ఇంకో రకం. అక్కడ అర్థం అంతా తరువాతి మాటలోనే ఉంది, హ్యావ్ దాన్ని 'ఒకసారి', 'కాస్త' అన్నట్టు తేలిక చేస్తుంది. "లుక్" అంటే చూడు, "హ్యావ్ ఎ లుక్" అంటే ఓసారి చూడు. స్నానానికి బ్రిటన్‌లో "హ్యావ్ ఎ షవర్", అమెరికాలో "టేక్ ఎ షవర్". ఏదైనా తప్పు కాదు.

హ్యావ్ టు దగ్గర కాస్త నిదానించాలి, ఎందుకంటే ఇక్కడి పొరపాట్లు మాటకు అందం తగ్గించడంతో ఆగవు, పని చెడగొడతాయి. "ఐ హ్యావ్ టు గో" అంటే నేను వెళ్ళాలి. మన 'ఆలి' ఒక్కటే మస్ట్‌కీ, షుడ్‌కీ, హ్యావ్ టుకీ సరిపోతుంది, ఇంగ్లీషులో వాటిని విడదీస్తారు. పరిస్థితో, నియమమో, ఇంకెవరో తోస్తే హ్యావ్ టు. వెళ్తే బాగుంటుందని సలహా అయితే షుడ్. మస్ట్ ఎక్కువగా రాతలోని నియమాల్లోనో, మాట్లాడేవాడు తానే గట్టిగా చెప్పేటప్పుడో వస్తుంది. రోజువారీ మాటల్లో సందేహం వస్తే హ్యావ్ టు వాడండి, ఎబ్బెట్టుగా ఉండదు.

కాదని చెప్పేటప్పుడు మాత్రం మస్ట్, హ్యావ్ టు రెండూ వేర్వేరు దిక్కులకు పోతాయి. "యు డోంట్ హ్యావ్ టు టెల్ హిమ్" అంటే అతనికి చెప్పక్కర్లేదు, చెప్పినా నష్టం లేదు. "యు మస్ట్ నాట్ టెల్ హిమ్" అంటే చెప్పకూడదు. ఆఫీసు మెయిల్లో 'కూడదు' అనాల్సిన చోట "డోంట్ హ్యావ్ టు" రాస్తే అవతలివాళ్ళు ఆ పని నిశ్చింతగా చేసేస్తారు. తప్పు వాళ్ళది కాదు.

భూతకాలంలో ఇంకో మెలిక ఉంది. "నిన్న వెళ్ళాల్సి వచ్చింది", "నిన్న వెళ్ళాల్సింది": ఈ రెంటికీ ఎంత తేడా ఉందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొదటిదానిలో వెళ్ళాం, రెండోదానిలో వెళ్ళలేదు. "ఐ హ్యాడ్ టు గో ఎస్టర్డే" మొదటిదే, వెళ్ళి వచ్చినట్టే లెక్క. రెండోదాన్ని "ఐ వాజ్ సపోజ్డ్ టు గో" అనాలి, వెళ్ళనందుకు నొచ్చుకుంటే "ఐ షుడ్ హ్యావ్ గాన్" అనాలి. రేపటి సంగతైతే "ఐ విల్ హ్యావ్ టు గో", అంటే వెళ్ళాల్సి ఉంటుంది. పలికేటప్పుడు ఈ హ్యావ్ టు విడివిడిగా వినపడదు. 'వ్' గట్టిపడి 'ఫ్' అవుతుంది, "హ్యాఫ్టు". హ్యాజ్ టు "హ్యాస్టు" అవుతుంది. "ఐ హ్యావ్ టూ కార్స్"లో మాత్రం 'వ్' అలాగే నిలుస్తుంది. వినేటప్పుడు 'రెండు' అన్న టూకీ, 'ఆలి' అన్న టుకీ తేడా పట్టించేది ఈ శబ్దమే.

ఇక సహాయక క్రియగా హ్యావ్. "ఐ హ్యావ్ ఈటెన్", "షి హ్యాజ్ గాన్" లాంటివి. క్రియకు మూడో రూపం పక్కన చేరి, జరిగిపోయిన పనిని ఇప్పటికి ముడివేస్తుంది. "ఐ హ్యావ్ లాస్ట్ మై కీ" అంటే పారేసుకున్నాను, ఇప్పుడు లేదు. "ఐ లాస్ట్ మై కీ ఎస్టర్డే" అంటే నిన్న జరిగింది, ఇప్పుడు దొరికిందో లేదో ఆ వాక్యం చెప్పదు. మనకు రెండింటికీ 'పారేసుకున్నాను' ఒక్కటే కాబట్టి ఈ గీత కనిపించదు. నిన్న, పోయిన వారం, 2019లో అని గడిచిపోయిన సమయం చెప్పిన మరుక్షణం హ్యావ్ తప్పుకోవాలి. "ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్డే" తప్పు, "ఐ సా హిమ్ ఎస్టర్డే" ఒప్పు. సమయం చెప్పకుండా "ఎప్పుడైనా చూశారా?" అంటే "హ్యావ్ యు ఎవర్ సీన్ ఇట్?" జస్ట్, ఆల్రెడీ, యెట్ లాంటి మాటలతో అమెరికన్లు మామూలు భూతకాలం కూడా వాడతారు, "డిడ్ యు ఈట్ యెట్?" వింటే కంగారు పడొద్దు.

ఇందులోనే మనవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువగా దొర్లే తప్పుంది: "ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టెన్ ఇయర్స్". దీనిలో రెండు పొరపాట్లు, రెండూ తెలుగు నుంచి వచ్చినవే. "పదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాను" అని మనం వర్తమానం వాడతాం, ఇంగ్లీషు వెనక్కి చాచి "హ్యావ్ బీన్ లివింగ్" అంటుంది. మన 'నుంచి' అటు పదేళ్ళకీ ఇటు 2015కీ సరిపోతుంది. ఇంగ్లీషులో ఎంతకాలమో చెప్తే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్తే సిన్స్. కాబట్టి "ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్", లేదా "సిన్స్ 2015". 'నుంచి' బదులు 'గా' పెట్టి చూడండి. "పదేళ్ళుగా" అని అనగలిగితే ఫర్. "2015గా" అనలేం కాబట్టి అక్కడ సిన్స్.

ఇదే కొలతతో హ్యావ్ హ్యాడ్ కూడా తేలిపోతుంది. "ఈ ఫోన్ మూడేళ్ళుగా నా దగ్గరే ఉంది" అంటే "ఐ హ్యావ్ హ్యాడ్ దిస్ ఫోన్ ఫర్ త్రీ ఇయర్స్". మొదటి హ్యావ్ సాయానికి వచ్చింది, రెండోది 'దగ్గర ఉంది' అన్న అసలు క్రియ మూడో రూపం. అంతా గతంలోకి జరిపితే హ్యాడ్ హ్యాడ్ అవుతుంది: "వెన్ హి కేమ్, ఐ హ్యాడ్ ఆల్రెడీ హ్యాడ్ డిన్నర్", అంటే అతనొచ్చేసరికే నా భోజనం అయిపోయింది. అచ్చుతప్పు కాదు, రెండు హ్యాడ్‌లకూ చెరో పని ఉంది.

మన 'ఉండు' ఇక్కడ కూడా తోడొస్తుంది. "వెళ్ళి ఉంటాడు" అంటే "హి మస్ట్ హ్యావ్ గాన్". "వెళ్ళి ఉండొచ్చు" అంటే "హి మే హ్యావ్ గాన్". "తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి" అంటే "ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ టోల్డ్ యు". 'ఇఫ్' ఉన్న ముక్కలో వుడ్ రాదు, అక్కడ హ్యాడ్ చాలు. వీటిని నోటితో అనేటప్పుడు హ్యావ్ బాగా నలిగిపోయి "షుడవ్", "వుడవ్" అన్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లీషు పుట్టుభాష అయినవాళ్ళు కూడా దాన్ని "షుడ్ ఆఫ్" అని రాసేస్తుంటారు. ఎక్కడైనా అలా కనిపిస్తే అనుసరించకండి.

ఇక ఫోన్ రిపేరు వాక్యం. తెలుగు వచ్చినవాడికి ఇది తేలిగ్గా రావాలి, ఎందుకంటే చేయు, చేయించు అన్న తేడా మనకు క్రియలోనే ఉంది. చేయించు, కట్టించు, కుట్టించు, రాయించు: ఈ 'ఇంచు' ఉన్నచోట ఇంగ్లీషులో హ్యావ్, వస్తువు, క్రియ మూడో రూపం, ఈ వరసలో వస్తాయి. ఇల్లు కట్టించాను: "ఐ హ్యాడ్ ఎ హౌస్ బిల్ట్". కటింగ్ చేయించుకున్నాను: "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్". చాలామంది "ఐ కట్ మై హెయిర్" అనేస్తారు, దాని అర్థం కత్తెర తీసుకుని తానే కత్తిరించుకున్నానని.

వరస మారితే అర్థమూ మారుతుంది. "ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్" అంటే బాగు చేయించాను. "ఐ హ్యాడ్ రిపేర్డ్ మై బైక్" అంటే అప్పటికే నేనే బాగు చేసేశాను. మాటలు అవే, వస్తువు మధ్యలో ఉందా చివర ఉందా అన్నదే తేడా. ఈ రెండు వరసలు ఒకదానికొకటి అంత దగ్గరగా ఉండటానికి చరిత్రలో కారణం ఉంది. హ్యావ్ మూలంలో చేతపట్టుకోవడం అన్న అర్థం ఉంది, జర్మన్ హాబెన్ దీని సోదరి. రూపంలోనూ అర్థంలోనూ అచ్చం ఇలాగే ఉన్న లాటిన్ హబేరేకి మాత్రం దీనితో చుట్టరికం లేదు. "ఐ హ్యావ్ ద లెటర్ రిటెన్" లాంటి వాక్యానికి పాతకాలంలో 'రాసి ఉన్న ఉత్తరం నా దగ్గర ఉంది' అన్న భావం ఉండేది. కాలక్రమాన రిటెన్ ముందుకు జరిగి "ఐ హ్యావ్ రిటెన్ ద లెటర్" అయింది, సొంతదారు భావం కరిగిపోయి పని పూర్తయిందన్న భావం మిగిలింది. సహాయక హ్యావ్ కూడా అలా 'నా దగ్గర ఉంది'లోంచి వచ్చిందే.

ఇదే వరసకు ఇంకో వాడుక ఉంది, మనం చేయించనిది, మన నెత్తిన పడింది. "ఐ హ్యాడ్ మై ఫోన్ స్టోలెన్" అంటే ఫోన్ దొంగిలింపజేశానని కాదు, నా ఫోన్ ఎవరో కొట్టేశారని. సందర్భమే చెబుతుంది. మనిషి చేత చేయించేటప్పుడు మూడో రూపం కాకుండా మూలరూపం వస్తుంది: "ప్లీజ్ హ్యావ్ హిమ్ కాల్ మి", అంటే అతన్ని నాకు ఫోన్ చేయమనండి. మధ్యలో 'టు' పెట్టకూడదు. హ్యావ్ బదులు గెట్ వాడితే మాత్రం టు తప్పనిసరి, "గెట్ హిమ్ టు కాల్ మి". గెట్‌లో ఒప్పించి చేయించడం, కాస్త శ్రమపడటం వినిపిస్తుంది. మేక్ వాడితే బలవంతం వినిపిస్తుంది.

హ్యాడ్ బెటర్ అన్నదాంట్లో హ్యాడ్ ఉన్నా అది గతం గురించి కాదు. "యు హ్యాడ్ బెటర్ లీవ్ నౌ" అంటే ఇప్పుడే బయల్దేరు, లేకపోతే చిక్కొస్తుంది. మనం దీన్ని 'బయల్దేరితే మంచిది' అన్నంత మెత్తగా అనుకుంటాం, వినేవాళ్ళకు హెచ్చరికలా తగులుతుంది. పెద్దవాళ్ళతో, పై అధికారితో వాడకండి. అక్కడ "ఇట్ వుడ్ బి బెటర్ టు లీవ్ నౌ" అంటే సరిపోతుంది.

పొట్టి రూపాలను విప్పడానికి పక్క మాట చూడాలి. "హీజ్ గాన్"లో గాన్ మూడో రూపం కాబట్టి అది హి హ్యాజ్, "హీజ్ గోయింగ్"లో ఇంగ్ ఉంది కాబట్టి హి ఈజ్. "హీజ్ టైర్డ్" దగ్గర ఈ లెక్క తప్పుతుంది. టైర్డ్ అక్కడ అలసట అన్న గుణం, అది హి ఈజ్. "ఐడ్ గాన్" అయితే హ్యాడ్, "ఐడ్ గో" అయితే వుడ్. "ఐడ్ బెటర్ గో"లో హ్యాడ్ ఉంది, "ఐడ్ రాదర్ గో"లో వుడ్ ఉంది, ఈ రెంటినీ బట్టీ పట్టక తప్పదు. రాసేటప్పుడు ఇంకొక్క జాగ్రత్త: సొంతం అన్న అర్థంలో హ్యావ్‌ని కుదించి "ఐవ్ ఎ కార్" అనడం ఇప్పుడు పాతబడిపోయింది. "ఐ హ్యావ్ ఎ కార్" అని పూర్తిగా రాయండి, లేదా "ఐవ్ గాట్ ఎ కార్" అనండి.